స్పిరిట్ బండికి సెల్ఫు

ఇది కాదు. ఇది కాదని నాకు తెలుసు, బాషా భాయ్‌కీ తెలుసు, అయినా ఆయన కారును స్టార్టు చేసే ఆ చిన్న సెల్ఫు మోటారును మళ్లీ గుడ్డతో తుడిచి నా ముందు గోనెపట్టా మీద పెట్టాడు, సంబంధం తప్పిపోతుందేమోనని పిల్లకు ఇంకో పూత పౌడరు అద్దినట్టు. రెజిమెంటల్ బజారులో ఆయన పాత సామాన్ల దుకాణానికి ఒక తలుపు తెరిచి ఉంది, ఒకటి మూసి ఉంది. నిజాం మీదికి యూనియన్ ఫౌజు వచ్చి వారం దాటినా ఈ వీధిలో దుకాణాలన్నీ ఇలాగే ఒంటికన్నుతో చూస్తున్నాయి. నేను మూసిన తలుపు వైపు స్టూలు మీద కూర్చున్నాను. ఒళ్లో నా భర్త రిచర్డ్ కత్తిరించి ఇచ్చిన అట్టముక్క, చేతిలో బట్టల సబ్బు. చూసినవాళ్లు బట్టలుతకడానికి వచ్చాననుకుంటారు, అనుకోనీ. సాయంత్రం కర్ఫ్యూ పడేలోపల నేను ఇక్కడినుంచి ఒక సెల్ఫు మోసుకుపోవాలి, దాన్ని మా కారుకు బిగించాలి, తెల్లారగానే అల్వాల్ మీదుగా మెదక్ రోడ్డెక్కి తూప్రాన్ అవతల ఉన్న నా చెల్లెలు ఆలిస్‌ను తీసుకురావాలి. ఆలిస్‌కు నెలలు నిండాయి. మొదటి రెండు కాన్పుల్లో బిడ్డలు దక్కలేదు. మూడోది ఆపరేషన్ చేసి తీయాలని, ఇక్కడి ఆసుపత్రిలోనే తీయాలని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆలిస్ భర్త జీవరాజు పంపిన మనిషి నిన్న నడుచుకుంటూ వచ్చి, కాళ్లు వాచినయమ్మా, కండ్లు మసకలంటున్నది అన్నాడు. కళ్లు మసకలన్న మాట చెప్పగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అది చాలు నాకు, ఇంకేమీ అడగలేదు.

రైళ్లు ఫౌజును మోయడానికే తిరుగుతున్నాయి. బస్సులు లేవు. టాక్సీవాళ్లు మేడ్చల్ దాటి రామన్నారు. ఫౌజీ ఆఫీసులో అడిగితే పేరు రాసుకుని కబురు చేస్తామన్నారు, ఆ కబురు వచ్చేసరికి పుట్టిన బిడ్డకు పళ్లొస్తాయి. ఎడ్లబండిలో తెమ్మందామా అంటే ఆ కుదుపులకు దారిలోనే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ కసిరింది. మా బండి కుదుపులు అంతకంటే తక్కువేమీ కావు, కాకపోతే తొందరగా అయిపోతాయి. బండి అంటే రిచర్డ్‌కు కోపం, రేసు కారు అనాలట. తిరుమలగిరిలో ఉండిన ఒక ఇంగ్లీషు కెప్టెన్ దాన్ని పందేలకు నడిపేవాడు. వాళ్ల పల్టన్ సీమకు తిరిగిపోతూ ఉంటే రైల్వేలో నక్షాలు గీసుకునే మా ఆయన వెనకాముందూ చూడకుండా కొనేశాడు. రెండే సీట్లు, మూడో మనిషికి కాదు గదా గొడుగుకు కూడా చోటు లేదు. ఆకుపచ్చ రంగు, నేలకు అంటుకుపోయినట్టుంటుంది, మా వీధి పిల్లలు దాన్ని తొండ అంటారు. పరేడ్ గ్రౌండ్‌లో ఆయన నాకు దాన్ని నడపడం నేర్పుతుంటే మా చర్చి సంఘంలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు, మేబెల్ టీచరు చీర కొంగు నడుముకు బిగించి మగవాళ్ల కారు తోలుతోందని. అవును, తోలాను. రేపూ తోలుతాను.

తొండ అయితే ఏం, దాని ఇంజను మాత్రం పులి. మామూలు కార్లకంటే అది పెట్రోలునూ గాలినీ బిగించి నొక్కుతుంది, అందుకే ఆ పరుగు. ఆ బిగువు వల్లే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పబోతే వెనక్కి తంతుంది. అధికారి ముందు, గాడిద వెనుక ఉండకూడదంటారు, మా కారుకు అటూ ఇటూ ఎటూ ఉండకూడదు. కిందటి నెల రిచర్డ్ కుడి మణికట్టు విరగ్గొట్టింది. ఇప్పుడాయన మెడలో గుడ్డ వేలాడదీసుకుని మంచం మీద కూర్చుని, ఎడంచేత్తో అట్టముక్క కత్తిరించి, సెల్ఫు బిగించే చోట బోల్టు రంధ్రాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో దాని మీద పొడిచి ఇచ్చాడు. ఇంజను చక్రం పళ్లకు సబ్బు అదిమి ఆ అచ్చు కూడా తీసి ఇచ్చాడు. సెల్ఫు పళ్లు ఈ సబ్బులో సరిగ్గా కూర్చోవాలి మేబెల్, ఏ మాత్రం తేడా ఉన్నా చక్రం పళ్లు రాలిపోతాయి, ఆ తర్వాత దాన్ని దేవుడే తొయ్యాలి అన్నాడు. దేవుణ్ణి మధ్యలోకి తేవద్దు, ఇప్పటికే తెచ్చింది చాలు అన్నాను.

ఎందుకంటే మా సెల్ఫు కాలింది ప్రార్థన వల్లే. యూనియన్ వాళ్లు సరుకులు ఆపినప్పటినుంచి ఊళ్లో పెట్రోలు లేదు. బస్సుల వెనకాల బొగ్గు పొయ్యిలు తగిలించారు. కార్లవాళ్లు ఇప్పపువ్వుతో తీసిన స్పిరిట్ పోసుకున్నారు. మిగతా కార్లన్నీ తాగి దగ్గుకుంటూ నడిస్తే మా తొండ మాత్రం తాగి పరుగెత్తింది, ఆ బిగువు ఇంజనుకు స్పిరిట్ అంటే ప్రాణం. మేమా, చుక్క ముట్టమని సంఘంలో ప్రమాణం చేసినవాళ్లం. ఆదివారం గుడి ముందు కారు ఆపితే చుట్టూ సారా వాసన. పాస్టరుగారు ముక్కు మూసుకుని “తాగింది నువ్వా రిచర్డూ, నీ బండా?” అన్నారు. తాగిన బండి వేడి మీదున్నప్పుడు మహారాజు, చల్లబడితే మొండిఘటం. సెల్ఫు చాలాసేపు తిప్పితే గాని అంటుకోదు. ఎంతసేపు తిప్పాలి? అందుకు మా ఆయన దగ్గర ఒక లెక్క ఉంది, వాళ్ల నాన్న కోడిగుడ్లు ఉడకబెట్టిన లెక్క. బటన్ మీద వేలు పెట్టి పరలోక ప్రార్థన మొదలుపెడతాడు, ఆమేన్ దాకా వేలు తియ్యడు. అంటుకోకపోతే మళ్లీ మొదటినుంచి. ఒక వానపొద్దున ఆమేన్ రాకముందే పొగ వచ్చింది. భక్తితో మోటారు కాల్చుకున్నవాడు సికింద్రాబాదులో మా ఆయన ఒక్కడే అయివుంటాడు. నవ్వొస్తోంది, ఇప్పుడు కూడా. ఆ పొగ రాకపోయి ఉంటే నేను నిన్న మధ్యాహ్నమే ఆలిస్ దగ్గర ఉండేదాన్ని.

బాషా భాయ్ బ్యాటరీ తెచ్చి తీగ ముట్టించాడు. చిన్న సెల్ఫు సుయ్యిమని తిరిగింది.

“సూసిండ్రా టీచరమ్మా, ఎట్ల తిరుగుతున్నదో. మీ కారు కంపెనీదే గిది. మీ అట్టముక్క పెట్టి సూడుండ్రి, బొక్కలు సుత కలుస్తయి.”

“చెక్కతోని అదిమి పట్టండి భాయ్. బరువు పడితే ఎట్ల తిరుగుతదో చూద్దాం.”

ఆయనకు ఇష్టం లేదు, అయినా ఒక చెక్కముక్క తెచ్చి అదిమాడు. సుయ్యిమన్నది మూలిగింది, మూలుగు సన్నబడింది, కాలిన వాసన వచ్చింది. తీగ టక్కున తీసేశాడు. ఖాళీగా ఎవరైనా తిరుగుతారు.

“బిస్మిల్లా అన్నంత సేపే ముట్టియ్యాలె. పెట్రోలు బండికి గది సాలు,” అన్నాడు ఆయన, తప్పు నా చెక్కదన్నట్టు.

“మాది స్పిరిట్ బండి.”

“ఇంకెన్ని దినాలమ్మా స్పిరిట్? ఫౌజు అచ్చె, లారీలు షురూ అయితయి. సోమారం వరకు పెట్రోలు మస్తుగుంటది. అప్పుడు గిదే మీకు పనికొస్తది, గా బస్సుది పెద్దది తీసుకపోయి ఏం జేస్తరు?”

సోమవారం. ఈ వారమంతా ఊరు ఊరంతా సోమవారం గురించే మాట్లాడుతోంది. సోమవారానికి పెట్రోలు వస్తుంది, సోమవారానికి బడి తెరుస్తారు, సోమవారానికి రైళ్లు కదులుతాయి, సోమవారానికి అంతా సర్దుకుంటుంది. రావచ్చు. బాషా భాయ్ అబద్ధం చెప్పడం లేదు, పెట్రోలు వచ్చాక ఈ చిన్నదే మంచిది, తేలిక, రెండు బోల్టులు బిగిస్తే చాలు. కానీ నేను సోమవారానికి సెల్ఫు కొనడానికి రాలేదు. నాకు రేపటి సెల్ఫు కావాలి. రేపు నా టాంకులో స్పిరిటే ఉంటుంది. రోడ్డు మీద ఊరూరికీ ఒక నాకా పెట్టారట, ప్రతి నాకా దగ్గరా ఇంజను ఆపి దిగమంటారట, సీట్ల కింద, బానెట్ కింద వెతికేసరికి అరగంట పడుతుంది, ఈ వానాకాలం గాలికి ఇంజను చల్లబడుతుంది, మళ్లీ ఆమేన్ దాకా తిప్పాలి. ఇక్కడైతే వీధిలో నలుగుర్ని పిలిస్తే తోసి పెడతారు. అక్కడ ఎవరు తోస్తారు? మసకకళ్లతో, వాచిన కాళ్లతో ఆలిస్ తోస్తుందా? తుపాకీ పట్టుకున్న సిపాయిని బాబూ ఒక చెయ్యి వెయ్యమనాలా? ఈ చిన్నది రెండు నాకాలు దాటిస్తుందేమో. మూడోదాని దగ్గర పొగ. ఆ తర్వాత పొలాల మధ్య రోడ్డు, నేను, ఆలిస్.

రెండో కాన్పప్పుడు నేను అక్కడే ఉన్నాను. అమ్మ పోయాక ఆలిస్ తల దువ్విందీ నేనే, జడలు వేసిందీ నేనే, పెళ్లిలో ముసుగు సర్దిందీ నేనే, ఆ రోజు బిడ్డను కడిగిందీ నేనే. మంత్రసాని చేతిలోంచి తీసుకుని వెచ్చటి నీళ్లతో కడిగాను, గోళ్లు కూడా వచ్చేశాయి, చిన్న చిన్న గోళ్లు. ఆలిస్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అక్కా, ఏడ్చిందా అని అడిగింది. నేను ఎప్పుడూ ఎవరికీ తప్పు లెక్క చెప్పలేదు, పిల్లలకు కూడా చెప్పలేదు, ఆ రోజు చెబుదామనుకున్నాను, ఒక్కసారి ఏడ్చింది ఆలిస్ అని. నోరు రాలేదు. ఏడవలేదమ్మా అన్నాను. అలాగా అంది. అంతే అంది. ఆ అలాగాను నేను ఇంకోసారి వినలేను. వినను. జీవరాజు మంచివాడు, ప్రార్థన చేస్తున్నాను వదినా అని కబురు పంపాడు, చేయనీ, ఎవరి పని వాళ్లు చేయాలి. నా పని ఇది.

గోనెపట్టా మీద రెండో సెల్ఫు బస్సుది. రోకలిలా ఉంది, బలం ఉందని చూస్తేనే తెలుస్తుంది. సబ్బు తీసి దాని పళ్లకు ఆనించాను. ఒక పన్ను దిగింది, పక్కది గట్టు మీద నిలబడింది. అటు తిప్పాను, ఇటు తిప్పాను, అదే వరస. బాషా భాయ్ ముందుకు వంగి సబ్బును చూసి, “మా నాసర్‌కు గిట్లనే నేర్పితిరి గద టీచరమ్మా, సరిపోకపోతె సరిపోదు, గుంజి సరిపెట్టొద్దని,” అన్నాడు. నవ్వాడు. నాసర్ ఆయన కొడుకు, లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు. ఎక్కడున్నాడని అడగబోయి ఆగాను. రజాకార్లంటూ కుర్రవాళ్లను పట్టుకుపోతున్న ఈ రోజుల్లో ముసల్మానుల ఇళ్లకు వెళ్లి మగపిల్లల సంగతి అడగకూడదు. ఆయన నవ్వు కూడా అక్కడే ఆగింది. ఆయన చూపు వెనకనున్న పెరటి వైపు వెళ్లి వచ్చింది. ఇందాక కూడా వెళ్లింది. చిన్నదాన్ని తుడుస్తున్నప్పుడు, సోమవారం అంటున్నప్పుడు. తప్పు చేసిన పిల్లవాడు ఎక్కడ పలక దాచాడో అటే చూస్తాడు, ఇరవై మందిలో వాణ్ణి పట్టుకోవడం నాకు చేతనవును. పెరట్లో ఏముంది? పెరట్లో లారీ ఉంది. జర్మనీ యుద్ధం అయిపోయాక బాషా భాయ్ వేలంలో కొన్న చిన్న ఫౌజీ లారీ. అది వచ్చిన రోజున రిచర్డ్ దాని బానెట్ ఎత్తి తల లోపల పెట్టి అరగంట బయటికి రాలేదు. మన కంపెనీ సామాన్లే మేబెల్, బరువు మొయ్యడానికి గట్టిగా చేశారు అన్నాడు. ఆ మాట నిన్నటినుంచి నాకెందుకు గుర్తు రాలేదు? దుకాణంలో ఉన్నవే అమ్ముతారని అనుకున్నాను కాబట్టి.

లేచాను. టీచరమ్మా అంటున్నాడు ఆయన, టీచరమ్మా ఆడేం లేదు. లారీ మీద టార్పాలిన్ కప్పి ఉంది, ముందు భాగం మాత్రం కప్పలేదు, గేటు వైపు తిరిగి ఉంది. గేటుకు గొళ్లెం పెట్టలేదు. కింద బురద. తెల్లచీర. సబ్బు చేతిలోనే ఉంది, ఉతుక్కుంటాను. వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాను, నూనె చుక్క నుదుటి మీద పడింది, అక్కడ ఉంది, నల్లగా, బలంగా. అట్టముక్క పెట్టాను. బోల్టులు సరిగ్గా రిచర్డ్ పొడిచిన చోట. చెయ్యి పైకి దూర్చి పళ్ల మీద సబ్బు ఆనించాను, వేలితో తడిమాను, అన్నీ దిగాయి, ఒక్కటి కూడా గట్టు మీద లేదు. ఇదే. ఇదే ఆలిస్.

“బాషా భాయ్, ఇది,” అన్నాను కిందినుంచే.

“గది అమ్మేది కాదు.”

ఆ మాట వినగానే పైన ఎవరో దగ్గారు. బయటికి వచ్చి నిలబడి చూశాను. డ్రైవరు పక్క సీటులో బాషా భాయ్ భార్య జైతున్ బీ కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర మూటలు, పక్కన బియ్యం డబ్బా, ఒళ్లో తమలపాకుల ఇత్తడి పాన్‌దాన్. ఎక్కడికీ పోని లారీలో, ప్రయాణంలో ఉన్నట్టే కూర్చుని ఉంది. ఎండ ముఖం మీద పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“నాలుగు దినాల సంది ఆణ్ణే కూసుంటున్నది,” అన్నాడు బాషా భాయ్ మెల్లగా. “తినుడు ఆణ్ణే, నమాజు ఆణ్ణే. ఇంట్లకు రమ్మంటె రాదు. జిల్లాలల్ల మావోళ్లకు ఏమైందో మీరు ఇనలేదా? మా తమ్ముని ఇంట్లకెల్లి ఒక్కరు సుత రాలే. ఈడ ఫౌజోళ్లు మంచిగనే ఉన్నరు, కాదంట లేను. గని ఏ గడియల ఏమైతదో ఎవరికెరుక? బటన్ వొత్తాలె, పోవాలె. గంతే.”

“మీ లారీకి హ్యాండిల్ ఉంది కదా భాయ్. అది మా కారు లెక్క తన్నదు.”

“ఉన్నది. హ్యాండిల్ తిప్పాల్నంటె దిగాలె టీచరమ్మా. బండి ముంగట నిలబడాలె. ఎనుకకెల్లి మనుషులు ఉరికొస్తుంటె, నేను దిగి తిప్పేదాక ఎవడాగుతడు?”

నేను నాకాల గురించి నాకు నేను చెప్పుకున్నదే ఆయన చెబుతున్నాడు, దిగకుండా కదలాలి, ఎవరినీ పిలవకుండా కదలాలి. ఆయనది భయమే, ఆలిస్‌ది నిజమైన ఆపద అని చెప్పుకోబోయాను. తమ్ముడి ఇంటివాళ్లకు కూడా మొదట భయమేగా ఉన్నది. తక్కెడలో ఎటు వేసినా సమానంగానే ఉంది, న్యాయం చూస్తే ఇద్దరికీ కావలసింది ఒక్క సెల్ఫే. నేను న్యాయం చూడటానికి రాలేదు. చిన్నది తీసుకుని వెళ్లిపోవచ్చు, మంచిదాన్నని అనిపించుకోవచ్చు, మూడో నాకా దగ్గర పొలాల మధ్య మంచిదానిగా నిలబడవచ్చు. చిన్న చిన్న గోళ్లు. ఈ ఇంటివాళ్లకు చెడ్డదాన్ని అయినా సరే.

“నాకు అదే కావాలి బాషా భాయ్,” అన్నాను. కళ్లు దించుకోలేదు. “మా చెల్లెలు మెదక్ రోడ్డు మీద ఉంది. నిండు నెలలు. కండ్లు మసకలంటోంది. రేపు తీసుకురాకపోతే మనిషి కూడా దక్కదు.”

ఎల్లుండి తెచ్చి నేనే మళ్లీ బిగిస్తాను అనాలని నోటిదాకా వచ్చింది. ఆ రోడ్డు మీద ఏముందో నాకు తెలియదు, నిలబెట్టుకోగలనో లేదో తెలియని మాట ఇవ్వను. “తిరిగి వస్తే తెచ్చిస్తాను,” అన్నాను.

పైనుంచి జైతున్ బీ మొదటిసారి మాట్లాడింది.

“ఎన్నో కానుపు?”

“మూడోది.”

“మొదటి ఇద్దరు?”

“లేరు.”

ఆమె ఒళ్లోని పాన్‌దాన్ తీసి పక్కన పెట్టింది. తర్వాత నాతో కాదు, భర్తతో అంది.

“ఇయ్యి.”

“ఏందే ఇచ్చేది? ఇచ్చి మనమేం జేస్తం?”

“ఈణ్ణే ఉంటం. ఇయ్యుమంటున్న.”

ఆయన లోపలికి వెళ్లి పానా తెచ్చాడు. లారీ దగ్గరికి వచ్చి వంగబోయి, ఆగి, పానా నా చేతిలో పెట్టాడు. “మీరే ఇప్పుకోండ్రి టీచరమ్మా. నా చేతులతోని కాదు,” అని దుకాణంలోకి వెళ్లిపోయాడు. నేను మళ్లీ వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరిగాను. ముందు బ్యాటరీ తీగ విప్పాను. మొదటి బోల్టు తేలిగ్గానే తిరిగింది. తల పక్కకు తిప్పితే చక్రం పక్కన నేల కనిపిస్తోంది. తలుపు కిర్రుమంది. జైతున్ బీ పాదాలు ముందు మెట్టు మీదికి, ఆ తర్వాత బురదలోకి దిగాయి, నాలుగు రోజులు కూర్చుని కూర్చుని అవి కూడా వాచి ఉన్నాయి. ఒక మూట దించింది. లోపలికి వెళ్లింది, వచ్చింది, ఇంకో మూట దించింది. బియ్యం డబ్బా ఎత్తలేక నేల మీద ఈడ్చుకుంటూ ఇంట్లోకి తీసుకుపోయింది. నాకు సిగ్గేసింది. ఇంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. ఆఖరి బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పానా పట్టుకుని, కాలు చక్రానికి తన్నిపెట్టి లాగాను, అది కదిలేదాకా వదల్లేదు.